ఒరాకిల్ డేటాబేస్ నుంచి సోప్ సర్వీసును పిలవడం ఎలా? వ్యాట్ నంబరు తనిఖీతో మొదలుపెడదాం

యూరప్ కంపెనీలకు బిల్లులు వేసేవాళ్లకు ఒక పని తప్పదు. కస్టమరు ఇచ్చిన వ్యాట్ నంబరు అసలుదో కాదో చూసుకోవాలి. ఇందుకోసం యూరోపియన్ కమిషన్ వీఐఈఎస్ అనే సర్వీసు నడుపుతోంది. డబ్బు కట్టక్కర్లేదు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అక్కర్లేదు. దేశం కోడు, నంబరు పంపితే చెల్లుతుందో లేదో చెబుతుంది. సోప్ అంటే ప్రోగ్రాములు ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో మాట్లాడుకునే పాత పద్ధతి. ఇదీ ఆ రకం సర్వీసే కాబట్టి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. యూరప్ క్లయింట్ల ఈఆర్‌పీలు (వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్లు) చూసుకునే హైదరాబాద్ టీములకు ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పనే.

మధ్యలో ఒక జావా ప్రోగ్రాం పెట్టి కూడా చేయవచ్చు. కానీ ఇన్వాయిస్ లాజిక్ అంతా పీఎల్/ఎస్‌క్యూఎల్‌లోనే (ఒరాకిల్ డేటాబేస్ లోపల నడిచే భాష) ఉంటే, ఇంకో సర్వర్ పెట్టి దాన్ని కాపలా కాయడం కంటే డేటాబేస్ నుంచే పిలవడం తేలిక. ఇక్కడ చెప్పేది ఒరాకిల్ 12సీ, ఆ తర్వాతి వెర్షన్లకు వర్తిస్తుంది. వాడే ప్యాకేజీ యూటీఎల్_హెచ్‌టీటీపీ; డేటాబేస్ నుంచి వెబ్ రిక్వెస్టులు పంపేది ఇదే. ఎక్స్‌ఎంఎల్ తయారు చేయడం ఇందులో చాలా చిన్న భాగం. టైమంతా తినేసేవి మూడు: అనుమతి, సర్టిఫికెట్, బైట్ల లెక్క.

ముందు డేటాబేస్ బయట పని చేయించండి

సోప్ సర్వీసులను పరీక్షించే టూల్ సోప్‌యూఐలో సర్వీసు తాలూకు డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసును వివరించే ఫైలు) తెరిచి ఐదు సంగతులు రాసి పెట్టుకోండి: సర్వీసు అడ్రసు, సోప్ వెర్షన్, ఆపరేషన్ పేరు, స్కీమా నేమ్‌స్పేస్, సోప్‌యాక్షన్ విలువ. వీఐఈఎస్‌లో వెర్షన్ 1.1, ఆపరేషన్ చెక్‌వ్యాట్, సోప్‌యాక్షన్ ఖాళీ.

నేమ్‌స్పేస్ (ఎలిమెంట్ల పేర్లు ఏ సర్వీసువో చెప్పే గుర్తు) దగ్గర ఒక మెలిక ఉంది. ఆ ఫైలు పై వరుసలో కనిపించే టార్గెట్ నేమ్‌స్పేస్ వేరు, లోపల టైప్స్ భాగంలో ఉన్న స్కీమా నేమ్‌స్పేస్ వేరు. రెండోదాని చివర కోలన్ పెట్టి టైప్స్ అని ఉంటుంది. మీకు కావలసింది ఆ రెండోదే. టైప్ చేయకండి, అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసుకోండి. ఎలిమెంట్ల పేర్లలోనూ పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా లెక్కలోకి వస్తుంది. కంట్రీకోడ్, వ్యాట్‌నంబర్ రెండింటిలోనూ రెండో పదం మొదటి అక్షరం మాత్రమే పెద్దది.

సోప్‌యూఐలో పంపి జవాబు తెచ్చుకున్న ఎన్వలప్‌ను (రిక్వెస్టు ఎక్స్‌ఎంఎల్ మొత్తాన్ని) ఒక ఫైలులో దాచండి. రేపు కోడులో తేడా వస్తే పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

ఇప్పుడు డేటాబేస్ ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయ్యి అదే ఫైలును కర్ల్ అనే కమాండుతో పంపండి. ఈ మెట్టు ఎగ్గొట్టకండి. మీరు ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో ప్రొసీజర్ నడిపినా రిక్వెస్టు బయలుదేరేది మీ ల్యాప్‌టాప్ నుంచి కాదు, డేటాబేస్ సర్వర్ నుంచి. ఆ సర్వర్‌కి బయటి ఇంటర్నెట్ ఉండదు, డీఎన్ఎస్ ఉండదు, లేదా ప్రాక్సీ గుండానే వెళ్లాలి. చాలా ఆఫీసుల్లో ఇదే పరిస్థితి. అక్కడ కర్ల్ పనిచేయకపోతే పీఎల్/ఎస్‌క్యూఎల్ కూడా పనిచేయదు. ముందు నెట్‌వర్క్ టీముతో మాట్లాడి 443 పోర్టు తెరిపించుకోండి.

అనుమతి

11జీ నుంచి ఒరాకిల్ ఏ స్కీమానీ (డేటాబేస్ యూజర్ ఖాతాను) ఊరికే బయటి హోస్టుతో మాట్లాడనివ్వదు. అనుమతి లేకుండా పిలిస్తే ఓరా-24247 వస్తుంది. డీబీఏ (డేటాబేస్ నిర్వాహకుడు) చేత డీబీఎంఎస్_నెట్‌వర్క్_ఏసీఎల్_అడ్మిన్ ప్యాకేజీలోని అపెండ్_హోస్ట్_ఏస్ ప్రొసీజర్ నడిపించండి. ఇవ్వాల్సినవి: హోస్టు పేరు, లోయర్_పోర్ట్, అప్పర్_పోర్ట్ రెండూ 443, ప్రివిలేజ్ హెచ్‌టీటీపీ, ప్రిన్సిపల్‌గా మీ స్కీమా పేరు పెద్ద అక్షరాల్లో.

ఇది చేసినా కొన్నిసార్లు అదే ఎర్రర్ వస్తుంది. వరుసగా ఇవి చూడండి. అనుమతి సీడీబీ రూటులో (మొత్తం డేటాబేస్ పై మట్టంలో) ఇచ్చి ప్రొసీజర్‌ను పీడీబీలో (దాని లోపలి విడి డేటాబేసులో) నడుపుతున్నారేమో. అనుమతి హోస్టు పేరు మీద ఇచ్చి, కోడులో ఐపీ అడ్రసు వాడారేమో. ఒరాకిల్‌కి ఆ రెండూ ఒకటి కావు. అనుమతిని రోల్‌కి ఇచ్చారేమో. డిఫైనర్ హక్కులతో (ప్రొసీజర్ సొంతదారు హక్కులతో) నడిచే ప్రొసీజర్‌లో రోల్స్ పనిచేయవు కాబట్టి నేరుగా స్కీమాకే ఇవ్వాలి. ప్రాక్సీ ఉంటే దాని హోస్టుకు విడిగా హెచ్‌టీటీపీ_ప్రాక్సీ ప్రివిలేజ్ కూడా కావాలి. ఎవరికి ఏం ఇచ్చారో డీబీఏ_హోస్ట్_ఏసెస్ వ్యూలో కనిపిస్తుంది.

యూటీఎల్_హెచ్‌టీటీపీ ప్యాకేజీ మీద ఎగ్జిక్యూట్ హక్కు మామూలుగా పబ్లిక్‌కి ఉంటుంది. సెక్యూరిటీ ఆడిట్ జరిగిన చోట దాన్ని తీసేసి ఉంటారు. అప్పుడు ప్రొసీజర్ కంపైలే కాదు. అదీ డీబీఏనే అడగాలి.

వాలెట్

వాలెట్ అంటే ఒరాకిల్ నమ్మే సర్టిఫికెట్లు దాచే ఫోల్డరు. హెచ్‌టీటీపీఎస్ అడ్రసును పిలవాలంటే అవతలి సర్వర్‌ను నమ్మడానికి ఒరాకిల్‌కి రూట్ సర్టిఫికెట్ చూపించాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న సర్టిఫికెట్లను అది తనంతట తాను పట్టించుకోదు. కర్ల్ పనిచేసి డేటాబేస్ మొరాయించడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. 23ఏఐలో మాత్రం సెట్_వాలెట్‌కు దారి బదులు సిస్టమ్ అని కోలన్‌తో ఇస్తే ఆపరేటింగ్ సిస్టమ్ సర్టిఫికెట్లనే వాడుకుంటుంది. పాత వెర్షన్లలో వాలెట్ తయారు చేయక తప్పదు.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్ కమాండుకు షోసర్ట్స్ ఆప్షన్ ఇచ్చి అవతలి సర్వర్ పంపే సర్టిఫికెట్ల గొలుసు చూడండి. అందులో మొదటిది ఆ సైటు సొంత సర్టిఫికెట్. దాన్ని వదిలేయండి. ఎలాగూ అది కొద్ది కాలానికే మారిపోతుంది. మీకు కావలసినవి దాని పైనున్న ఇంటర్మీడియట్, అన్నిటికన్నా పైనున్న రూట్. సర్వర్లు సాధారణంగా రూట్‌ను పంపవు. దాన్ని ఇచ్చిన సంస్థ సైటు నుంచో, బ్రౌజర్ నుంచో ఎగుమతి చేసుకోవాలి.

తర్వాత ఒరాకిల్ యూజర్‌గా ఓరాపీకేఐ వాలెట్ క్రియేట్ కమాండును ఆటో లాగిన్ ఆప్షన్‌తో నడపండి. ఒక్కో సర్టిఫికెట్‌నూ వాలెట్ యాడ్, ట్రస్టెడ్ సర్ట్ ఆప్షన్లతో చేర్చండి. ఆటో లాగిన్ పెడితే కోడులో పాస్‌వర్డ్ రాయక్కర్లేదు, సెట్_వాలెట్‌కు రెండో పారామీటరుగా నల్ ఇస్తే చాలు. దారి ముందు ఫైల్ అని, కోలన్ తప్పనిసరి.

ఎర్రర్ నంబరును బట్టి లోపం ఎక్కడుందో తెలుస్తుంది. ఓరా-28759 వస్తే వాలెట్ దారి తప్పు, లేదా ఆ ఫోల్డరును ఒరాకిల్ యూజర్ చదవలేకపోతున్నాడు. రూట్ యూజర్‌గా వాలెట్ చేసి వదిలేసినచోట ఇదే జరుగుతుంది. ఓరా-29024 అయితే గొలుసులో ఏదో సర్టిఫికెట్ లేదు. ఓరా-28860 అయితే రెండు వైపుల టీఎల్ఎస్ వెర్షన్లు కుదరలేదు; పాచ్ వేయని పాత డేటాబేసుల్లో కనిపిస్తుంది. ఓరా-24263 అంటే సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, మీరు పిలిచిన పేరు వేరు. వీటన్నిటికీ పైన ఓరా-29273 అని ఒక వరుస వస్తుంది. అది పై తొడుగు మాత్రమే. దాన్ని పట్టుకుని వెతక్కండి, కింది వరుస చదవండి.

ర్యాక్ (ఒకే డేటాబేస్‌ను పలు సర్వర్లు నడిపే ఏర్పాటు) అయితే వాలెట్ ప్రతి నోడు మీదా ఉండాలి. ఒకే ప్రొసీజర్ ఒకసారి పనిచేసి, ఇంకోసారి పనిచేయకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఎన్వలప్

రెండు ఫీల్డులే ఉన్న ఇలాంటి సర్వీసుకు, సోప్‌యూఐలో పనిచేసిన ఎన్వలప్‌నే టెంప్లేటుగా పెట్టుకుని రెండు చోట్ల రీప్లేస్ చేస్తే సరిపోతుంది. పది ఫీల్డులు దాటినా, ఒకే ఎలిమెంటు పలుమార్లు వచ్చినా ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్ ఫంక్షన్‌తో కట్టండి. పద్ధతి ఏదైనా, బయటి నుంచి వచ్చిన విలువను డీబీఎంఎస్_ఎక్స్‌ఎంఎల్‌జెన్ ప్యాకేజీలోని కన్వర్ట్ ఫంక్షన్ గుండా పంపకుండా టెంప్లేటులో పెట్టకండి. కంపెనీ పేరులో ఒక్క యాంపర్‌సాండ్ ఉంటే ఎన్వలప్ మొత్తం చెడిపోతుంది. ఎక్స్‌ఎంఎల్‌ఎలిమెంట్ ఆ పని తానే చేసుకుంటుంది.

ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ ముందు ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. అందంగా కనబడాలని కోట్ తర్వాత కొత్త వరుస కొడితే అవతలి పార్సర్ తిప్పి కొడుతుంది.

వ్యాట్ నంబరును శుభ్రం చేశాకే పంపండి. ఖాళీలు, చుక్కలు, గీతలు రెగెక్స్‌ప్_రీప్లేస్‌తో తీసేయండి. మాస్టర్ డేటాలో నంబరు ముందే దేశం కోడు అతికించి ఉంటుంది. మొదటి రెండు అక్షరాలను కంట్రీకోడ్‌గా, మిగతాదాన్ని వ్యాట్‌నంబర్‌గా విడదీయండి. గ్రీసుకు ఐఎస్‌ఓ కోడు జీఆర్ అయినా ఇక్కడ ఈఎల్ వాడాలి. బ్రెగ్జిట్ కారణంగా 2021 జనవరి 1 నుంచి జీబీ నంబర్లు ఇందులో లేవు; ఉత్తర ఐర్లండ్‌కు ఎక్స్‌ఐ అనే కోడు ఉంది. దేశాల టేబులు నుంచి ఐఎస్‌ఓ కోడు నేరుగా తీసి పంపితే గ్రీసు కస్టమర్లందరికీ ఎర్రరే వస్తుంది.

పంపడం

వరుస ఇది. సెట్_వాలెట్. తర్వాత సెట్_ట్రాన్స్‌ఫర్_టైమౌట్, ఇవ్వకపోతే 60 సెకన్లు, తనిఖీ పనికి 20 చాలు. ఈ రెండూ బిగిన్_రిక్వెస్ట్‌కు ముందే రావాలి. తర్వాత బిగిన్_రిక్వెస్ట్‌కు హెచ్‌టీటీపీఎస్ అడ్రసు, పోస్ట్ మెథడ్, హెచ్‌టీటీపీ/1.1 ఇవ్వండి. కనెక్షన్ తెరుచుకునేది ఈ వరుసలోనే. ఎర్రర్ ఇక్కడ వస్తే అనుమతి, వాలెట్, ఫైర్‌వాల్ చూడండి. ఇది దాటి గెట్_రెస్పాన్స్ దగ్గర వస్తే అవతలి సర్వర్ ఆలస్యమో, మీరు పంపిన దాంట్లో లోపమో అనుకోండి.

టైమౌట్ విలువ జవాబు చదవడానికే వర్తిస్తుంది. ఫైర్‌వాల్ ప్యాకెట్లను చడీచప్పుడు లేకుండా పారేస్తుంటే మీరు 20 అని పెట్టినా సెషన్ అంతకంటే ఎక్కువసేపు కదలకుండా ఉంటుంది. టైమౌట్ పనిచేయట్లేదని కోడులో వెతికితే ఏమీ దొరకదు.

హెడర్లు మూడు. కంటెంట్ టైప్: టెక్స్ట్/ఎక్స్‌ఎంఎల్, పక్కనే సెమీకోలన్ పెట్టి క్యార్‌సెట్ యూటీఎఫ్-8. సోప్‌యాక్షన్: విలువ ఖాళీ అయినా రెండు డబుల్ కోట్లు ఉండాలి. 1.1లో ఈ హెడర్ లేకపోతే కొన్ని సర్వర్లు ఎన్వలప్ తెరిచి కూడా చూడవు. మూడోది కంటెంట్ లెంగ్త్, దాని సంగతి కింద చెబుతాం. మీ సర్వీసు సోప్ 1.2 అయితే కంటెంట్ టైప్ అప్లికేషన్/సోప్+ఎక్స్‌ఎంఎల్ అవుతుంది. యాక్షన్ అందులోనే పారామీటరుగా చేరుతుంది, ఎన్వలప్ నేమ్‌స్పేస్ కూడా మారుతుంది. ఈ మూడింట్లో ఒకటి మార్చి మిగతావి మరిచిపోతే 415 స్టేటస్సో, వెర్షన్ మిస్‌మ్యాచ్ ఫాల్టో (సోప్ ఎర్రర్ సందేశం) వస్తుంది.

ఇప్పుడు బైట్ల లెక్క. కంటెంట్ లెంగ్త్ అంటే అక్షరాల సంఖ్య కాదు, బైట్ల సంఖ్య. నెట్‌లో దొరికే చాలా నమూనాల్లో లెంగ్త్ ఫంక్షన్ వాడతారు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పంపినంత కాలం అది బాగానే నడుస్తుంది. వీఐఈఎస్ రిక్వెస్టులోనూ ఉన్నవి అవే కాబట్టి తప్పు బయటపడదు. అదే కోడు తీసుకెళ్లి పేరు, అడ్రసు పంపే ఇంకో సర్వీసుకు వాడితే బయటపడుతుంది. ‘తెలుగు’ అన్న మాట తీసుకోండి. లెంగ్త్ ఫంక్షన్ దాన్ని 6 అంటుంది, గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెట్టి. యూటీఎఫ్-8లో ఒక్కోటీ 3 బైట్లు, కాబట్టి వెళ్లేవి 18. మీరు హెడర్‌లో 12 తక్కువ చెప్పారు కాబట్టి అవతలి సర్వర్ చివరి 12 బైట్లు చదవదు. ఎన్వలప్ ముగింపు ట్యాగు తెగిపోతుంది. ఫైలు మధ్యలో ఆగిపోయిందన్న పార్సర్ ఎర్రర్ వస్తుంది. లెక్క ఎక్కువ చెబితే ఇంకో రకం: రావాల్సిన బైట్ల కోసం సర్వర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది, మీకు టైమౌట్ ఓరా-29276 వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే. క్యార్‌సెట్ చెప్పకుండా రైట్_టెక్స్ట్ వాడితే బాడీని ఐఎస్‌ఓ-8859-1గా మార్చి పంపుతుంది. ఆ కోడింగ్‌లో తెలుగు, గ్రీకు అక్షరాలు లేవు కాబట్టి అవతలికి ప్రశ్నార్థకాలే చేరతాయి.

రెండు తలనొప్పులకూ ఒకటే మందు: టెక్స్టు పంపకండి, రా (యథాతథ బైట్లు) పంపండి. ఎన్వలప్‌ను యూటీఎల్_ఐ18ఎన్ ప్యాకేజీలోని స్ట్రింగ్_టు_రా ఫంక్షన్‌తో ఏఎల్32యూటీఎఫ్8లోకి మార్చి, యూటీఎల్_రా లెంగ్త్ ఎంత చెబితే అంత హెడర్‌లో పెట్టి, రైట్_రాతో పంపండి. 32767 బైట్ల లోపు ఇది ఒక్క కాల్‌లో అయిపోతుంది. అంతకు మించితే ఎన్వలప్ క్లాబ్‌లో (పెద్ద టెక్స్టు దాచే రకం) ఉంటుంది. డీబీఎంఎస్_లాబ్ కన్వర్ట్‌టుబ్లాబ్‌తో బ్లాబ్ (బైట్లు దాచే రకం) చేసి, దాని గెట్‌లెంగ్త్ తీసుకుని ముక్కలుగా పంపండి. క్లాబ్ మీద గెట్‌లెంగ్త్ అక్షరాలు లెక్కపెడుతుంది, బ్లాబ్ మీద బైట్లు. ఆ తేడా మరిచిపోవద్దు.

జవాబు చదవడం

గెట్_రెస్పాన్స్ తర్వాత రీడ్_రాను లూపులో పెట్టి తాత్కాలిక బ్లాబ్‌కు చేర్చుతూ పోండి. ఎండ్_ఆఫ్_బాడీ ఎక్సెప్షన్ వస్తే అయిపోయినట్టు. పేరు ఎక్సెప్షనే కానీ అది లోపం కాదు, లూపు ఆపే పద్ధతి. అక్కడ ఎండ్_రెస్పాన్స్ పిలవండి. బయటి ఎక్సెప్షన్ బ్లాకులో కూడా తప్పక పిలవండి. ఒక సెషన్‌లో ఒకేసారి 5 రిక్వెస్టులే తెరిచి ఉండవచ్చు. మూయకుండా వదిలేస్తే ఆరోసారి ఓరా-29270 వస్తుంది. ఒకటి రెండుసార్లు పరీక్షించినప్పుడు బాగానే ఉండి, ప్రొడక్షన్‌లో కాసేపటికి ఆగిపోయే కోడులో చాలావరకు ఇదే జబ్బు.

బ్లాబ్ చేతికొచ్చాక ఎక్స్‌ఎంఎల్‌టైప్ కన్‌స్ట్రక్టర్‌కు బ్లాబ్‌నూ, ఎన్ఎల్ఎస్_క్యార్‌సెట్_ఐడీతో తీసిన ఏఎల్32యూటీఎఫ్8 నంబరునూ ఇవ్వండి. గ్రీకు కంపెనీల పేర్లు గ్రీకు లిపిలోనే వస్తాయి. ముక్క చివర అక్షరం సగానికి తెగే ప్రమాదం ఈ పద్ధతిలో ఉండదు.

విలువలు తీయడానికి ఎక్స్‌ఎంఎల్‌టేబుల్ వాడండి. ఇన్‌స్టర్, సబ్‌స్టర్‌తో ట్యాగుల మధ్య కోయకండి. ఇవాళ ట్యాగు ముందు ఉన్న ప్రిఫిక్సు రేపు సర్వర్ అప్‌గ్రేడ్‌తో మారుతుంది, మీ కోత తప్పుతుంది. ఎక్స్‌ఎంఎల్‌నేమ్‌స్పేసెస్ క్లాజులో రెండు డిక్లేర్ చేయండి: ఎన్వలప్‌ది ఒకటి, ఇందాక కాపీ చేసుకున్న స్కీమాది ఇంకొకటి. ప్రిఫిక్సు మీకు నచ్చింది పెట్టుకోవచ్చు, నేమ్‌స్పేస్ మాత్రం సరిగ్గా అదే కావాలి. జవాబు కళ్ల ముందు కనిపిస్తున్నా ఎక్స్‌ఎంఎల్‌టేబుల్ ఒక్క వరుస కూడా ఇవ్వకపోతే, లేదా కాలమ్‌లన్నీ నల్ అయితే, నేమ్‌స్పేస్ తప్పిందనే.

వ్యాలిడ్ అనే ఎలిమెంటులో చిన్న అక్షరాల ట్రూ లేదా ఫాల్స్ వస్తుంది. దాన్ని 5 అక్షరాల వార్‌చార్2గా తీసుకోండి. రిక్వెస్ట్‌డేట్‌ను నేరుగా టు_డేట్‌కు ఇవ్వకండి. అందులో తేదీ వెనకే ప్లస్ 02:00 లాంటి టైమ్‌జోన్ అతికించి ఉంటుంది. మొదటి 10 అక్షరాలు కోసి మార్చండి. జర్మనీ వంటి కొన్ని దేశాలు పేరు, అడ్రసు ఇవ్వవు. వాటి చోట మూడు గీతలు వస్తాయి. వాటిని కస్టమరు పేరుగా సేవ్ చేయకుండా చూసుకోండి.

ఫాల్టు వస్తే

ఏ విలువ తీసేముందైనా బాడీలో ఫాల్ట్ ఉందేమో చూడండి. సోప్ 1.1 ప్రకారం ఫాల్టు 500 స్టేటస్‌తో రావాలి. అందుకే 500 చూడగానే బాడీ చదవకుండా వదిలేయకండి, అసలు కారణం అందులోనే ఉంటుంది. సెట్_రెస్పాన్స్_ఎర్రర్_చెక్‌ను ఫాల్స్‌గానే ఉంచండి. ఫాల్ట్ ఎలిమెంటుకు ఎన్వలప్ నేమ్‌స్పేస్ ఉంటుంది కానీ, దాని లోపలి ఫాల్ట్‌కోడ్, ఫాల్ట్‌స్ట్రింగ్‌లకు 1.1లో ఏ నేమ్‌స్పేసూ ఉండదు. ప్రిఫిక్సు లేకుండా రాయాలి. మీరు డిఫాల్ట్ నేమ్‌స్పేస్ డిక్లేర్ చేసి ఉంటే అవి దొరకవు.

వీఐఈఎస్ ఫాల్ట్‌స్ట్రింగ్‌లో ఇన్‌వ్యాలిడ్_ఇన్‌పుట్ వస్తే దేశం కోడు చెల్లనిదో, నంబరు ఖాళీదో. ఎంఎస్_అన్‌అవైలబుల్ అంటే ఆ దేశపు సర్వర్ ఆ సమయంలో అందుబాటులో లేదు. ఎంఎస్_మ్యాక్స్_కాంకరెంట్_రెక్ అంటే ఆ దేశానికి ఒకేసారి ఎక్కువ రిక్వెస్టులు వెళ్లాయి. వీఐఈఎస్ సొంతంగా డేటా దాచుకోదు, ప్రతి ప్రశ్ననూ ఆయా దేశాల డేటాబేసులకు పంపి అడుగుతుంది. అందుకే ఒక దేశం నంబర్లు ఆడుతూ, ఇంకో దేశానివి ఆగిపోవడం మామూలే.

కాబట్టి మీ టేబుల్లో ఫలితానికి రెండు విలువలు చాలవు. చెల్లుతుంది, చెల్లదు, తెలియలేదు అని మూడు పెట్టండి. సర్వర్ పలకనప్పుడు ‘చెల్లదు’ అని రాస్తే, సరైన కస్టమరుకు పన్నుతో కలిపి బిల్లు వెళ్తుంది.

పరీక్షకు చెక్‌వ్యాట్‌టెస్ట్‌సర్వీస్ అని విడిగా ఒక అడ్రసు ఉంది. దానికి నంబరుగా 100 పంపితే చెల్లుతుందని, 200 పంపితే చెల్లదని వస్తుంది. 201కి ఇన్‌వ్యాలిడ్_ఇన్‌పుట్, 301కి ఎంఎస్_అన్‌అవైలబుల్ ఫాల్టులు వస్తాయి. ఈ నాలుగూ మీ కోడు గుండా సరిగ్గా వెళ్లాకే అసలు అడ్రసుకు మారండి.

ఎక్కడి నుంచి పిలవాలి

కస్టమరు టేబులు మీద ట్రిగ్గర్ (వరుస మారగానే తనంతట నడిచే కోడు) పెట్టి అందులో పిలవాలనిపిస్తుంది. వద్దు. అవతలి సర్వర్ 20 సెకన్లు తీసుకుంటే ఆ వరుస మీద లాకు 20 సెకన్లూ ఉంటుంది. రోల్‌బ్యాక్ చేసినా పంపిన రిక్వెస్టు వెనక్కి రాదు. పైగా ఒరాకిల్ కొన్ని సందర్భాల్లో అప్‌డేట్ స్టేట్‌మెంటును తనంతట తాను మళ్లీ మొదలుపెడుతుంది. అప్పుడు ట్రిగ్గర్ రెండోసారి పేలుతుంది. తనిఖీ సర్వీసు అయితే ఫర్వాలేదు. చెల్లింపు సర్వీసు అయితే రెండుసార్లు డబ్బు వెళ్తుంది. పది వేల వరుసల సెలెక్ట్‌లో ఫంక్షన్‌గా పెట్టడం కూడా ఇలాంటిదే.

ట్రిగ్గర్‌లో ఒక క్యూ టేబుల్లోకి వరుస చేర్చి వదిలేయండి. కాలమ్‌లు: కస్టమరు ఐడీ, స్థితి, ఎన్నిసార్లు ప్రయత్నించారు, మళ్లీ ఎప్పుడు ప్రయత్నించాలి, వచ్చిన జవాబు యథాతథంగా. డీబీఎంఎస్_షెడ్యూలర్‌లో నిమిషానికోసారి నడిచే జాబు ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్‌డ్‌తో ఒక వరుస తీసుకుని, స్థితిని ‘నడుస్తోంది’ అని మార్చి కమిట్ చేసి, ఆ తర్వాతే సర్వీసును పిలవాలి. జవాబు వచ్చాక ఇంకో కమిట్. ‘తెలియలేదు’ అన్నవాటిని 5 నిమిషాలకు, 30 నిమిషాలకు, తర్వాత గంటకోసారి మళ్లీ అడగండి. ఏదైనా కారణంతో జాబు మధ్యలో చచ్చిపోతే ‘నడుస్తోంది’ దగ్గరే ఇరుక్కున్న వరుసలను కొంతసేపటి తర్వాత క్యూలోకి తిప్పే చిన్న అప్‌డేట్ కూడా అందులోనే పెట్టండి.

ఆడిట్‌లో చూపించడానికి రుజువు కావాలంటే చెక్‌వ్యాట్ బదులు చెక్‌వ్యాట్‌అప్రాక్స్ ఆపరేషన్ వాడండి. అందులో మీ సొంత వ్యాట్ నంబరు కూడా పంపితే జవాబుతో పాటు రిక్వెస్ట్ ఐడెంటిఫయర్ ఒకటి వస్తుంది. దాన్ని తప్పక దాచండి.

మీ డేటాబేస్‌లో ఎపెక్స్ (ఒరాకిల్ వెబ్ యాప్‌లు తయారు చేసే టూల్) ఉంటే పంపడం, చదవడం అన్నీ ఎపెక్స్_వెబ్_సర్వీస్ ప్యాకేజీలోని మేక్_రిక్వెస్ట్ ఒక్క కాల్‌లో చేసేస్తుంది. అడ్రసు, యాక్షన్, వెర్షన్, ఎన్వలప్, వాలెట్ దారి ఇస్తే ఎక్స్‌ఎంఎల్‌టైప్ చేతికిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే మేలు. కానీ నెట్‌వర్క్ అనుమతి మీ స్కీమాకు కాదు, ఎపెక్స్ సొంత స్కీమాకు ఇవ్వాలి. ఆ స్కీమా పేరులో వెర్షన్ నంబరు ఉంటుంది, ఎపెక్స్ అప్‌గ్రేడ్ చేసిన ప్రతిసారీ మారుతుంది. అప్‌గ్రేడ్ మర్నాడు ఓరా-24247 మళ్లీ కనిపిస్తే కొత్త పేరుకు అనుమతి ఇప్పించండి.